కాలవ రేవు దగ్గరి బోర్డు కొట్టు: ఆ ముప్పై రూపాయలు దేనికంటే

ముందు ధరల సంగతి చెప్పేస్తాను, ఎవరైనా మొదట అడిగేది అదే కాబట్టి. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, సంచి మీద ఉన్న ధరే. దాంతోపాటు ఇంకో డబ్బా కూడా కొంటేనే ఇస్తామని లింకు పెట్టడం ఈ ఎరువులు, విత్తనాల కొట్లో నేను ఎప్పుడూ చూడలేదు. పురుగుమందులు, కూరగాయ విత్తనాలు మాత్రం నెల్లూరు టౌన్ కంటే కాస్త ఎక్కువే. టౌన్‌లో 480కి దొరికే మందు ఇక్కడ 510 పడుతుంది. మా ఊళ్లో కొందరు ఈ ముప్పై రూపాయలు చూసుకుని టౌన్‌కి పోతారు. మొదట్లో నేనూ పోయేవాణ్ణి, ఇప్పుడు పోవడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

కొట్టు పేరు రాయడం లేదు, ఓనరు అన్న వద్దన్నాడు. విడవలూరు మండలంలో బకింగ్‌హాం కాలవకు పడమటి గట్టు మీద, పడవ రేవుకు ఎదురుగా రేకుల షెడ్డు, దాని ముందు వేపచెట్టు, చెట్టుకు ఆనించి ఒక నల్లబోర్డు. ఆ పక్క ఎవరినడిగినా "బోర్డు కొట్టు" అంటే చూపిస్తారు.

మా ఊరు కాలవకు అవతల, సముద్రానికి ఇవతల. మ్యాపులో చూస్తే దీవి కాదు. కానీ కాలవ నిండితే పడవ తిరగదు, వంతెన మీదుగా పోవాలంటే తొమ్మిది కిలోమీటర్లు చుట్టు, ఆ రోడ్డులో కూడా రెండు చోట్ల నీళ్లు పారతాయి. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే తెగినప్పుడు అందరూ హైవే గురించే మాట్లాడారు, మాకు మాత్రం అది ఏటా రెండు మూడుసార్లు ఉండేదే. పులికాట్‌లో ఇరకం దీవి ఉంది చూడండి, తడ దగ్గర భీములవారిపాళెం నుంచి పడవలో పోవాలి, 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరోళ్లకు దీవి అనగానే ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. నా స్టూడెంట్ ఒకడి ఇంటికని ఒకసారి అక్కడికి పోయాను. వాళ్ల నాన్న పడవ దిగుతూనే అడిగిన మొదటి మాట, "ఆ గట్టున ఏం రేటు నడస్తా ఉంది సార్?" మా నాయన కూడా నేను నెల్లూరు నుంచి ఇంటికి పోతే చెప్పులు విడవకముందే అదే అడుగుతాడు. నీళ్లు చుట్టూ ఉన్నా ఒక పక్కనే ఉన్నా, సరుకు దాటాలన్నా మాట దాటాలన్నా పడవే గతి అయినప్పుడు ఆ ఊరు దీవి కిందే లెక్క.

నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. 1961లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశాడు, తర్వాత 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది చాలా మామూలు మాటలా ఉంటుంది. ధర తెలుసుకోవడానికి కూడా ఖర్చవుతుంది. ఎవరు ఎంతకు కొంటున్నారో తెలియాలంటే తిరగాలి, తిరగడానికి డబ్బూ పొద్దూ పోతాయి, ఒక చోటికి వచ్చేసరికి ఇక చాల్లే అని ఆగిపోతాం. అందుకే ఒకే సరుకు పక్కపక్క ఊళ్లలో రెండు ధరలకు అమ్ముడవుతుంది. చాలా ఏళ్లు దీన్ని పాఠంగానే చెప్పాను. అది మా ఇంటి కథ అని అర్థమైంది మాత్రం ఈ కొట్టు ముందు నిలబడ్డాకే.

మా నాయన ఎకరన్నర ఇసుక నేలలో వంగ, బెండ, చలికాలం వేరుశనగ వేస్తాడు. పొద్దున ఐదుకే కోసి సంచులు కట్టి పడవెక్కించి ఇవతలికి తెస్తే, రేవులో ఒక వ్యాపారి మినీ వ్యాను పెట్టుకుని ఉండేవాడు. అతను చెప్పిందే ధర. కాదంటే ఏం చేస్తాడు, ఆ సంచులు మళ్లీ పడవలో వేసుకుని ఇంటికి పోతాడా? నెల్లూరు మార్కెట్‌లో ఎంత పలికిందో మాకు సాయంత్రానికి తెలిసేది, అది కూడా ఎవరైనా పోయొస్తేనే. ఆ వ్యాపారిని తిట్టాలని రాయడం లేదు, అతని స్థానంలో ఎవరున్నా అంతే. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య బేరం అట్నే ఉంటుంది.

ఇప్పుడు బోర్డు సంగతి.

పొద్దున ఐదున్నరకు అన్న రెండు ఫోన్లు చేస్తాడు, ఒకటి నెల్లూరు కూరగాయల మార్కెట్‌లో తెలిసిన కమీషన్ కొట్టుకు, ఇంకొకటి చెన్నై కోయంబేడులో ఉండే వాళ్ల బావమరిదికి. ఆరుకల్లా కొట్లో పనిచేసే అబ్బాయి సుద్దముక్కతో రాసేస్తాడు. ఎడమ పక్క నెల్లూరు, కుడి పక్క చెన్నై. వంకాయ 14, 22. బెండ 18, 25. కింద వ్యాను బాడుగ ఎంత, సంచికి కూలీ ఎంత, అది కూడా రాస్తారు, అదే నాకు బాగా నచ్చింది, ఎందుకంటే చెన్నై ధర ఒక్కటే చూస్తే మనిషికి ఆశ పుడుతుంది, బాడుగ తీసేస్తే ఎంత మిగులుతుందో చూస్తే తెలివి పుడుతుంది. ఒక రోజు మా నాయన పడవ దిగి బోర్డు ముందు నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం చూశాను. పెదాలు కదులుతున్నాయి, తుండుగుడ్డ భుజం మీదనే ఉంది. తర్వాత వ్యాను దగ్గరికి పోయి, "పదహారు తక్కువైతే ఈయను" అన్నాడు. ఆ వ్యాపారి బోర్డు వైపు ఒకసారి చూసి, సరే తూకం వెయ్యి అన్నాడు. అంతకు ముందు వారం ఇదే సరుకు పదకొండుకు ఇచ్చాడు మా నాయన.

వడ్ల ధర రెండు రకాలుగా రాస్తారు, క్వింటాలుకు, పుట్టికి. బయటివాళ్లకు తెలియకపోవచ్చు, మా నెల్లూరులో వడ్ల లెక్క పుట్టిలోనే, పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర క్వింటాలుకు చెప్తుంది, మిల్లు మనిషి పుట్టికి చెప్తాడు, మధ్యలో రైతు తికమకపడతాడు. 2025-26కి మామూలు రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు, అంటే పుట్టికి 20,136. ఈ ఒక్క గుణకారం బోర్డు మీద ఉండటం వల్ల ఎన్ని బేరాలు మారాయో నేను చూశాను. తేమ ఎక్కువుందని పుట్టికి ఇంకో నలభై యాభై కిలోలు అదనంగా తూచమని అడిగితే, అది డబ్బుల్లో ఎంతో కూడా రైతుకు అక్కడే తెలుస్తుంది.

కేరళలో ఇలాంటి సంగతి మీదే రాబర్ట్ జెన్సెన్ అనే ఆయన 2007లో ఒక అధ్యయనం అచ్చువేశాడు. ఉత్తర కేరళ తీరంలో 1997కీ 2001కీ మధ్య సెల్ టవర్లు ఒక్కో చోటుకూ వచ్చాయి, సముద్రంలో ఇరవై కిలోమీటర్ల పైన కూడా సిగ్నల్ అందేది. టవర్ రాకముందు చేపల పడవ ఏ రేవుకు పోవాలో తెలియక అలవాటైన రేవుకే పోయేది. 1997 జనవరి 14న వడకర రేవులో పదకొండు మంది జాలర్లు, కొనేవాళ్లు లేక, చేపలు పారబోశారు, అదే పొద్దున పదిహేను కిలోమీటర్ల లోపలే వేరే రేవుల్లో ఇరవై ఏడు మంది చేపలు దొరక్క ఉన్నారు. ఫోన్లు వచ్చాక ఆ పారబోత ఆగిపోయింది, పడవవాళ్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర సుమారు 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలైంది. చేపా అదే, సముద్రమూ అదే, మారిందల్లా ఏ రేవులో ఏముందో తెలియడం ఒక్కటే. ఇది చదివిన రోజు నాకు మా రేవే కళ్ల ముందుకొచ్చింది.

మరి అందరి చేతిలో ఫోన్లున్నాయి కదా, బోర్డెందుకు అని నా కొలీగ్ ఒకాయన అడిగాడు. ఫోనుంది నిజమే. కానీ మా నాయనకు ఫోన్లో అంకెలు కనపడవు. మా పిన్నికి ఫోనే లేదు, ఉన్న ఒక్క ఫోను కొడుకు పట్టుకుని చెన్నైలో ఉన్నాడు. పైగా ఫోన్లో వచ్చే ధరలు నిన్నటివో మొన్నటివో, ఏ రకానివో, ఎవరు పెట్టారో తెలియదు. బోర్డు మీద రాసింది తప్పైతే రాసినవాడు ఎదురుగానే ఉంటాడు, అడగొచ్చు. తెలిసిన మనిషి చెప్పిన అంకెను నమ్మి బేరం ఆడతాం, ఎవరో పంపిన అంకె పట్టుకుని బేరం ఆడటానికి ధైర్యం చాలదు. సమాచారం చేతికి రావడం ఒక ఖర్చు, దాన్ని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం ఇంకో ఖర్చు, రెండోది పుస్తకాల్లో తక్కువగా కనపడుతుంది గానీ పల్లెలో అదే పెద్దది.

ఇక నీళ్ల పరీక్ష. ఈ కొట్టుకు నేను ఫుల్ మార్కులు వేసేది దీనికే, అందుకే కాస్త వివరంగా చెప్తా.

మా ఇసుక నేలల్లో పాత పద్ధతి దొరువు. ఇసుకలో గుంత తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి, కడవలతో ముంచి మొక్క మొక్కకూ పోసేవాళ్లు. మా నాయనమ్మ రెండు చేతుల్లో రెండు కడవలు పట్టుకుని దొరువులోకి దిగి ఎక్కడం నాకు బాగా గుర్తు. ఆ తియ్యనీళ్లు ఎక్కడివంటే వాన నీళ్లే, ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి, పాల మీద మీగడ లాగా. సముద్రంలోని చిన్న దీవులు చాలావాటికి ఇదే ఆధారం. ఉత్తర ఐరోపాలో సముద్రపు ఒడ్డున ఇద్దరు ఇంజనీర్లు, 1888లో ఒకరు, 1901లో ఇంకొకరు, దీని లెక్క కట్టారు. సముద్ర మట్టానికి తియ్యనీళ్లు ఒక అడుగు పైన ఉంటే, కింద సుమారు నలభై అడుగుల దాకా తియ్యనీళ్లుంటాయి. వినడానికి బాగుంది కానీ తిప్పి చూడండి. పైన ఒక అడుగు తోడేస్తే, నిలకడగా చూసినప్పుడు, కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకొచ్చే లెక్క.

మాకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ల కింద ఒక బోరు మేస్త్రి వచ్చి, దొరువు ఎందుకు, లోతుగా బోరేసి పెద్ద మోటారు పెట్టండి, రెండు పంటలు పండుతాయి అన్నాడు. వేశాం. మొదటి సంవత్సరం బాగానే ఉంది. రెండో ఏడు మార్చిలో వేరుశనగ ఆకుల అంచులు మాడటం మొదలైంది. తెగులనుకుని టౌన్‌లో ఒక మందుల షాపుకు ఆకు పట్టుకుపోతే రెండు రకాల మందులిచ్చారు, 1,900 అయింది. కొట్టాం, ఏం మారలేదు. మళ్లీ పోతే ఇంకో మందు. మొత్తం నాలుగు వేలు మందులకే పోయాక, ఇంకెవరో చెబితే నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు తీసుకుపోయాను. ఇవ్వడానికి ఒక రోజు, రిపోర్టుకు ఇంకో రోజు, వెళ్లిన రెండు రోజులూ నాయనకు తోట పని లేదు, నాకు కాలేజీకి సెలవు. రిపోర్టు వచ్చేసరికి చేను పడుకుంది. మందులు, రానుపోను, పోయిన పని, అన్నీ కలిపితే దాదాపు ఏడు వేలు. పంట నష్టం ఇందులో కలపలేదు. ఒకే ఒక్క అంకె తెలియక పోయిన డబ్బు అది.

ఆ అంకెను ఈ కొట్లో ఊరికే చెప్తారు. పెన్నంత మీటరు ఒకటి ఉంది, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపించేది. అన్న స్టీలు గ్లాసును ముందు మనం తెచ్చిన నీళ్లతోనే రెండుసార్లు కడుగుతాడు, తర్వాత పోసి మీటరు కొన ముంచి మెల్లగా తిప్పుతాడు. అంకె అటూ ఇటూ ఊగి ఒక చోట నిలబడుతుంది. నిలబడిందాకా మాట్లాడడు, మనల్నీ మాట్లాడనివ్వడు. మా పాత బోరు నీళ్లు 4.3 చూపించింది (ఈ అంకెలన్నీ డెసీసీమెన్స్/మీటరు లెక్కలో, అంకె ఎంత పెద్దదైతే ఉప్పు అంత ఎక్కువ). దొరువు నీళ్లు అదే రోజు 0.9. రెండు గ్లాసుల్లోనూ నీళ్లు చూడటానికి ఒకే రకంగా ఉన్నాయి. వేరుశనగకు నీళ్లలో సుమారు 2 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, బీన్స్ లాంటివాటికి 0.7 దాటితేనే తగ్గడం మొదలవుతుంది, 3 దాటిన నీళ్లయితే చాలా పంటలకు కష్టమే. ఈ మూడు అంకెలూ గోడ మీద పెయింటుతో రాసిపెట్టాడు. పక్కనే ఒక నోటుపుస్తకం, ఎవరి నీళ్లు ఏ నెలలో ఎంత చూపించాయో అందులో రాస్తాడు. మూడేళ్ల అంకెలు వరసగా చూస్తే ఏ వీధి నీళ్లు ఏ నెలలో ఉప్పెక్కుతాయో తెలిసిపోతుంది. మా ఊరి నీటి సంగతి ఇంత వివరంగా రాసిపెట్టిన కాగితం ఇంకెక్కడైనా ఉందని నేను అనుకోవడం లేదు.

బోరు ఆపేసి మళ్లీ దొరువుకే రమ్మని చెప్పింది కూడా ఆయనే, అయితే పాత కడవల పద్ధతిలో కాదు. బాపట్ల వ్యవసాయ పరిశోధనవాళ్లు మెరుగుపరిచిన దొరువు ఒకటి తయారుచేశారు. ఇసుకలో లోతుకు పోకుండా చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, వాటి నీళ్లు ఒక బావిలోకి వచ్చేట్టు చేసి, చిన్న మోటారుతో కొద్దికొద్దిగా తోడటం. మీగడను మాత్రమే తీసుకుని కింది పాలు కదపకుండా ఉండటం అన్నమాట. ఆ కరపత్రం జిరాక్సు తీసి ఇచ్చాడు, దాని మీద ఆయనకు పైసా లాభం లేదు, పైపులు కూడా ఆయన అమ్మడు. మేం పోయిన ఏడు వేయించాం. ఈ ఏప్రిల్‌లో 1.2 చూపించింది.

ఒకరోజు వాన పడుతుంటే పడవ కోసం ఆగి ఆయనతో కబుర్లు చెప్తూ పసిఫిక్ దీవుల సంగతి ఎత్తాను. కిరిబాటి అనే దేశంలో అచ్చం మా దొరువు లాంటి గుంతలే తవ్వుతారు, తియ్యనీటి పొర తగిలిందాకా తవ్వి, అడుగున పెద్ద రకం చేమ నాటి, ఆకులలముతో ఎరువేస్తారు, బబాయి అంటారు దాన్ని. అది విని చాలా సంతోషపడ్డాడు. తర్వాత సమోవా సంగతి చెప్పాను. ఆ దీవుల్లో చేమదుంపే తిండి, అదే ఎగుమతి. బయట గిరాకీ ఉందని అందరూ ఎక్కువగా ఒకే రకం వేశారు. 1993లో ఆకుమచ్చ తెగులు వచ్చింది, కొద్ది నెలల్లో దీవంతా పాకింది, ఏడాది తిరిగేసరికి ఎగుమతి దాదాపు సున్నా. న్యూజిలాండ్‌లో సమోవా సరుకు అమ్ముడయ్యే చోట ఫిజీ సరుకు వచ్చి కూర్చుంది.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది మన చేమాకు మీద వానాకాలం వచ్చే మచ్చే గదా సార్. మనకు తెలిసిందే. వాళ్లకెవురూ చెప్పలేదా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు చెప్పాను. అదే తెగులు పసిఫిక్‌లోనే ఉన్న సాలమన్ దీవుల్లో అంతకు ముందు ఎన్నో దశాబ్దాల నుంచి ఉంది. మన దేశంలోనూ ఉంది. ఏ రకాలు తట్టుకుంటాయో కూడా కొంత తెలుసు. ఆ తెలిసింది సముద్రం దాటి ఒక రైతు చేనులోకి వచ్చేసరికి ఆలస్యమైంది. తర్వాత పలావు దీవుల నుంచీ ఆసియా నుంచీ తట్టుకునే రకాలు తెచ్చి, సంకరం చేసి, రైతులే గుంపులుగా కూడి తమ చేలల్లో వేసి చూసి, తిని చూసి, ఏది బాగుందో తేల్చుకున్నారు. మళ్లీ చేమ నిలబడింది గానీ మధ్యలో ఏళ్లు పోయాయి. చిన్న దీవికి ఒక సైంటిస్టును పెట్టినా, ఒక ల్యాబు పెట్టినా ఖర్చు అంతే అవుతుంది, పంచుకునే రైతులు మాత్రం కొద్దిమందే. పెద్ద డెల్టాలో లక్ష మందికి పనికొచ్చే కబురు తేవడానికీ, దీవిలో మూడొందల మందికి తేవడానికీ పడవ ఖర్చు ఒకటే. అందుకే అక్కడికి ఎవరూ తేరు. మా ఊరికి కూడా అందుకే ఎవరూ తేలేదు. ఇది అన్యాయమని నేను గట్టిగా అనుకుంటాను, ఎందుకంటే తెలియక నష్టపోయినవాణ్ణి చూసి తెలివిలేనివాడంటారు, అతనికి తెలియాలంటే ఎంత ఖర్చో ఎవరూ లెక్కగట్టరు.

ఇంకొన్ని సంగతులు గబగబా చెప్పేస్తా. ఈ-క్రాప్ (ఏ చేనులో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క) నమోదుకు చివరి తేదీ బోర్డు మీద ఎర్ర సుద్దతో రాస్తారు, కౌలుకు చేసేవాళ్లు కౌలు కార్డుకు ఏ కాగితాలు తీసుకుపోవాలో కూడా. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 గోడ మీద పెద్దగా ఉంటుంది, 2004 నుంచి ఉన్న సర్వీసు, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, పైసా పడదు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేయడానికి జంకే ముసలివాళ్లను కూర్చోబెట్టి, "మాట్లాడు పెదనాయనా, నీ చేను సంగతి నీకే గదా తెలుసు" అని స్పీకర్ ఆన్ చేసి ఇస్తాడు. తనకు తెలియంది ఎవరైనా అడిగితే తెలియదంటాడు, ఆ నంబరే చూపిస్తాడు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు, వాతావరణ శాఖ చెప్పింది చూసి మూడు రోజుల ముందే "నార్లు పోయొద్దు, వారం ఆగండి" అని రాశాడు. ఆగినవాళ్లకు విత్తనాలు మిగిలాయి. మా మేనమామ ఆగలేదు, పోసిన నారుమడి నీళ్లలో మునిగి కుళ్లింది, ఆయన ఇప్పుడు పొద్దున టీ తాగకముందే బోర్డు చూస్తాడు.

బాగోలేనివి కూడా చెప్పాలి.

మొదటిది, సలహా చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒక్కడే. ఇది ఎంత మంచి మనిషికైనా ఇబ్బందే. నేను ఆయన్నే సూటిగా అడిగాను, ఏ మందూ వద్దని ఎంతమందికి చెప్పి పంపావన్నా అని. ఆ నోటుపుస్తకం వెనక పేజీలు తీసి చూపించాడు, "మందు అవసరం లేదు" అని రాసినవి చాలానే ఉన్నాయి. నమ్మాను. అయినా ఇది ఒక మనిషి మంచితనం మీద నడుస్తోంది, రేపు కొట్టు చేతులు మారితే ఏం జరుగుతుందో అని నాకు భయమే. రైతు సేవా కేంద్రంలో కూడా ఇలాంటి మీటరూ బోర్డూ ఉంటే, అమ్మకంతో సంబంధం లేని మాట ఇంకొకటి దొరుకుతుంది.

రెండోది, ఆయన లేని రోజు ఏమీ ఉండదు. పోయిన వేసవిలో వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక పది రోజులు చెన్నైలో ఉన్నాడు. అబ్బాయి బస్తాలు అమ్మాడు గానీ బోర్డు పాత అంకెలతోనే ఉండిపోయింది. రెండో రోజు నుంచే వ్యాపారి ధర తగ్గించాడు. ఖాళీ బోర్డు కంటే పాత బోర్డే ఎక్కువ చెరుపు చేస్తుందని, ఆయన లేనప్పుడు తుడిచేయమని నేను చెప్పాను, ఇప్పుడు తుడుస్తున్నారు.

మూడోది ఒక పొరపాటు, ఆయనే ఒప్పుకున్నది. రెండేళ్ల కింద వేరుశనగ ధర ఇంకా పెరుగుతుందని, ఒక వారం ఆగమని కొంతమందికి చెప్పాడు. తగ్గింది. ఆగినవాళ్లు నష్టపోయారు. అప్పటి నుంచి ఈ రోజు ధర ఎంతో రాస్తాడు తప్ప రేపు ఎంతుంటుందో ఎవరడిగినా చెప్పడు. అది సరైన పద్ధతే అని నా అభిప్రాయం.

ఇవి కాక, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. కూరగాయ విత్తనాల్లో రెండు కంపెనీలవే దొరుకుతాయి. స్ప్రేయర్ విడిభాగాలు ఉండవు, వాటికి కోవూరో నెల్లూరో పోవాల్సిందే. అప్పు ఇస్తాడు గానీ అప్పు ధర వేరు, నగదు ధర వేరు, రెండూ బిల్లు మీదే రాస్తాడు కాబట్టి మోసం లేదు. బిల్లు అడక్కుండానే ఇస్తాడు, విత్తనం మొలవకపోతే ఆ కాగితమే ఆధారం, జాగ్రత్తగా పెట్టుకోండి.

ఎవరు పోవాలంటే, కాలవ అవతలి వాళ్లందరూ, తీరం వెంబడి ఇసుక నేలల్లో సాగు చేసేవాళ్లు, రొయ్యల గుంటల పక్కన చేలున్నవాళ్లు మరీ ముఖ్యంగా, ఎందుకంటే ఆ గుంటల ఉప్పు మీ బావిలోకి వచ్చిందో లేదో కంటితో చూస్తే తెలియదు. పది ఎకరాల పైన సాగు ఉండి ఒకేసారి సరుకు కొనేవాళ్లకు టౌనే చవక, అక్కడికే పొండి, నీళ్ల పరీక్షకు మాత్రం ఇక్కడికి రండి, ఏమీ కొనకపోయినా చేస్తాడు.

పొద్దున ఆరూ ఏడున్నర మధ్య పోతే ఆయన తీరిగ్గా మాట్లాడతాడు, ఆ తర్వాత రద్దీ. నీళ్లు తీసుకుపోయేటప్పుడు మందు సీసాలో పట్టొద్దు, మంచినీళ్ల సీసా కడిగి పట్టండి. మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్లు కాకుండా పది నిమిషాలు ఆడనిచ్చి, ఆ తర్వాత సీసా అంచుదాకా నింపి మూత బిగించండి. సీసా మీద చేను పేరు, తేదీ రాస్తే నోటుపుస్తకంలో ఎక్కించడానికి ఆయనకు సులువు.